సన్మానం ఖర్చులో కళాకారుడి వాటా ఎంత?

కాలనీ సంక్షేమ సంఘమో, సాహితీ మిత్రులో, ఒక బ్యాచ్ పూర్వ విద్యార్థులో కలిసి స్థానిక కళాకారులకి పురస్కారాలు ఇవ్వడం విశాఖలో కొత్త కాదు. కళాభారతిలోనో, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో, సిరిపురం గురజాడ కళాక్షేత్రంలోనో ఏడాది పొడుగునా ఏదో ఒక సన్మానం జరుగుతూనే ఉంటుంది. ఆ సభలు పెట్టేవాళ్ళ మనసుని నేను శంకించను. నా పేచీ అంతా లెక్క దగ్గరే. హాలు అద్దె, మైకు, స్టేజి డెకరేషన్, ఫ్లెక్సీలు, అతిథులకి బొకేలు, ఫొటోలు, భోజనాలు, షీల్డులు అన్నీ పోగా కళాకారుడి చేతికి వచ్చేది ఒక శాలువా, ఒక షీల్డు, ఒక కవరు. ఆ కవర్లో ఉన్నది ఒక్కోసారి రానూపోనూ ఖర్చులకి కూడా చాలదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పురస్కారం పేరుతో పోగైన డబ్బులో సగానికి పైగా కళాకారుల చేతికి చేరాలి. ఈ నియమాన్ని కమిటీ మొదటి సమావేశంలోనే మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలి. అలా రాసుకుంటే ఎంత హాలు, ఎంతమంది అతిథులు, ఎన్ని అవార్డులు అనే ప్రశ్నలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. రాసుకోకపోతే ప్రతి ఖర్చూ తప్పనిసరిగానే కనిపిస్తుంది. ఆఖర్న కోత పడేది కవరుకే.

ఉత్తరాంధ్రకి ఈ సంగతి ఎవరో వచ్చి నేర్పక్కర్లేదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారిని దానికి మొదటి ప్రిన్సిపాల్‌ని చేశారు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయిద్యం విని వయొలిన్ ఆచార్యుడి ఉద్యోగమే ఇచ్చారు. వాళ్ళకి గౌరవం నెలనెలా జీతంగా అందింది, ఆ జీతం మీద శిష్యులు తయారయ్యారు. కాలనీ సంఘాలు ఉద్యోగాలు ఇవ్వలేవు, నిజమే. అయినా కళాకారుడు తన పనిని ఇంకో ఏడాది నిశ్చింతగా చేసుకోగలగాలి అన్న కొలత మాత్రం మనమూ పెట్టుకోవచ్చు.

లెక్క చూద్దాం. రెండు లక్షలు పోగయ్యాయనుకోండి. ఒక పెద్ద కళాకారుడికి 50,000. ఒక దళానికి 40,000, అంటే పదహారు మంది ఉంటే తలా 2,500. ముప్ఫై ఐదేళ్ళ లోపు వాళ్ళలో ఒకరికి 25,000. ఇక్కడికి 1,15,000 అయింది. ప్రయాణం, బస 20,000. హాలు, మైకు, లైట్లు 30,000. రికార్డింగ్ 20,000. భోజనాలు 10,000. అచ్చు పనులు 5,000. షీల్డులు, బొకేలు, ఫ్లెక్సీలు ఈ లెక్కలో లేవు, మరిచిపోయి వదిలెయ్యలేదు. హాలు అద్దె ముప్ఫై వేలలో తేలకపోతే ఇంకా చిన్న హాలు చూసుకోవాలి తప్ప మొదటి మూడు అంకెల మీద చెయ్యి వెయ్యకూడదు. ఏ స్కూలు హాలైనా, అపార్ట్‌మెంట్ సెల్లారైనా నూటయాభై మందికి సరిపోతుంది.

ఇదే డబ్బుతో ఇరవై మందికి తలా ఐదు వేలు ఇద్దాం అనేవాళ్ళు ప్రతి కమిటీలోనూ ఒకరుంటారు. ఇరవై మందికి ఇస్తే ఒక్కొక్కరి వెంట ఐదారుగురు ఇంటివాళ్ళు వస్తారు, హాలు నిండుతుంది, ఫొటోలు బాగుంటాయి. అయితే ఐదు వేలతో హార్మోనియం రీడ్స్ మార్పించుకోవడం కూడా పూర్తిగా కాదు. నలభై వేలు చేతికొస్తే ఒక దళం గజ్జెలో, బట్టలో, వాయిద్యాలో కొత్తవి కొనుక్కోవచ్చు. ఏడాదికి మూడు పురస్కారాలు చాలు.

ఇక విభాగాలు. మామూలుగా సంగీతం, నృత్యం, నాటకం, సాహిత్యం, చిత్రలేఖనం అని ఐదు రాసి, ఆరోదిగా 'జానపదం' అని ఒకటి చేరుస్తారు. దీనిలో జరిగే అన్యాయం గమనించండి. తప్పెటగుళ్ళు, జముకుల కథ, గిరిజనుల థింసా, డప్పు, కోలాటం, బుర్రకథ, తోలుబొమ్మలాట ఒక్కొక్కటీ ఒక్కో విద్య. దేని గురువులు దానికి, దేని పాట దానికి. వీటన్నిటికీ కలిపి ఒక్క కుర్చీ వేసి, కర్ణాటక సంగీతానికి ఒక్కదానికే ఇంకో కుర్చీ వేస్తే మనం ఎవరి పక్షాన ఉన్నామో చెప్పకనే చెప్పినట్టు. పైగా ఆ ఒక్క కుర్చీలో ఏడాది తప్పించి ఏడాది అవే రెండు మూడు పేర్లు వస్తాయి, ఎందుకంటే కమిటీకి తెలిసిన 'జానపద కళాకారులు' ఆ ఇద్దరు ముగ్గురే.

కళల పేర్లతో కాక చేసే పనిని బట్టి విభాగాలు పెట్టడం మేలు. ప్రదర్శించేవాళ్ళు, పక్కవాద్యం వాళ్ళు, నేర్పేవాళ్ళు, తయారుచేసేవాళ్ళు. ఇలా పెట్టగానే ఎన్నడూ స్టేజి ఎక్కని మనుషులు కళ్ళ ముందుకొస్తారు. పౌరాణిక నాటకంలో రాత్రంతా పద్యానికి శ్రుతి పట్టిన హార్మోనిస్టు, మేకప్ వేసే మనిషి, మృదంగానికి మూత కట్టే మనిషి, థింసాకి మోరి ఊదే మనిషి. థింసా అనగానే చేతులు పెనవేసుకుని ఆడే ఆడవాళ్ళ వరసే ఫొటోల్లో పడుతుంది. డప్పు, తుడుము, కిరిడి, మోరి వాయించేవాళ్ళు ఆ వరస పక్కనో వెనకో ఉండిపోతారు. వాళ్ళు లేకపోతే ఆ అడుగే పడదు.

తయారుచేసేవాళ్ళకి మన పక్కనే ఉన్న ఉదాహరణ లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సహజ రంగుల మీద అంత పని చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఊరికి పేరొచ్చింది కదా అని లేత్ మీద కూర్చుని అంకుడు కర్ర తిప్పే ప్రతి మనిషికీ ఆర్డర్లు వచ్చినట్టు కాదు. సరైన కర్ర దొరకడమే వాళ్ళకి కష్టమైపోయింది. జ్ఞాపిక ఇచ్చి తీరాల్సిందే అంటారా, అక్కడే చేయించండి. రెండు నెలల ముందు ఆర్డరివ్వండి, సగం డబ్బు అడ్వాన్సు కట్టండి, బేరం ఆడకండి, స్పాన్సర్ లోగో అతికించమని అడగకండి. లక్క వేడికి మెత్తబడుతుంది, కాబట్టి బొమ్మల అట్టపెట్టెని ఎండలో నిలబెట్టిన కారులో వదలొద్దు.

మనుషుల్ని వెతకడం దగ్గర ఎక్కువ కమిటీలు తేలిపోతాయి. 'దరఖాస్తులు ఆహ్వానిస్తున్నాం, బయోడేటా, పేపర్ కటింగులు జతచేయండి' అని వాట్సాప్‌లో ప్రకటన పెడితే వచ్చేవి బయోడేటా రాసుకోవడం తెలిసినవాళ్ళ పేర్లే. కళాకారుడి చేత దరఖాస్తు పెట్టించడం నాకు నచ్చదు. నాకు అవార్డు ఇవ్వండి అని అడిగించి ఇచ్చేది గౌరవం ఎలా అవుతుంది? వెతికే భారం ఇచ్చేవాళ్ళదే.

ఎవర్ని అడగాలో తెలిస్తే వెతకడం అంత కష్టం కాదు. నాటకాలకి దుస్తులు, కిరీటాలు అద్దెకిచ్చేవాళ్ళని అడగండి, ఏ ఊళ్ళో ఎవరు ఇంకా ఆడుతున్నారో వాళ్ళ ఆర్డర్ల పుస్తకంలోనే ఉంటుంది. హార్మోనియం, తబలా రిపేరు చేసేవాళ్ళని అడగండి. ఊరి పండగ కమిటీల్ని, రికార్డింగ్ డాన్సులు పెట్టకుండా పాత ఆటలు ఆడించే గుడి పెద్దల్ని అడగండి. సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే కుర్రాళ్ళకి ఎవరి పాటకి జనం లేవకుండా కూర్చుంటారో బాగా తెలుసు. పాడేరు, అరకు వైపు ఐతే బడి మాస్టార్లని పట్టుకోండి. ఇలా ముగ్గురు వేర్వేరు మనుషుల నోట వచ్చిన పేరుని జాబితాలో వెయ్యండి. ఆ పేరుకి కమిటీయే ఒక పేజీ ఫారం నింపుకోవాలి: పేరు, ఊరు, కళ, ఎన్నాళ్ళ నుంచి, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, దళంలో ఎంతమంది, నేర్చుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఫోను ఎవరిది. ఆ ఆఖరి గడి ముఖ్యం. ఫోను తరచూ కొడుకుదో, పక్కింటివాళ్ళదో అవుతుంది. ఏ వేళకి ఫోను చేస్తే దొరుకుతారో కూడా అడిగి రాసుకోవాలి.

ఎంట్రీ ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు, మెమెంటో ఖర్చు, పేరేదైనా సరే, కళాకారుడి నుంచి కానీ పిల్లల తల్లిదండ్రుల నుంచి కానీ రూపాయి తీసుకుంటే అది బిరుదుల అమ్మకం. దాని గురించి ఇంతకంటే రాయను.

న్యాయనిర్ణేతలు ఐదుగురు చాలు. ఇద్దరు ఆయా కళల్లో చెయ్యి తిరిగినవాళ్ళు, ఒకరు ఆంధ్రా విశ్వవిద్యాలయం నాటక, సంగీత, చిత్రకళా శాఖల్లో ఏదో ఒకదాని నుంచి, ఇద్దరు మామూలు ప్రేక్షకులు. చందా ఇచ్చినవాళ్ళు ఇందులో ఉండకూడదు. నిర్వాహకులకీ, న్యాయనిర్ణేతలకీ బంధువులో శిష్యులో అయినవాళ్ళ పేరు చర్చకొస్తే ఆ నిర్వాహకుడో న్యాయనిర్ణేతో లేచి బయటికి వెళ్ళాలి, వెళ్ళినట్టు రాయాలి. తుది జాబితాలో ఉన్నవాళ్ళ ప్రదర్శన కనీసం అరగంట నేరుగా చూడాలి. మూడు నిమిషాల వీడియో కెమెరా మంచితనాన్ని చెబుతుంది, దళం ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో చెప్పదు. మార్కుల పట్టిక కంటే ఎందుకు ఎంచుకున్నామో ఐదు వాక్యాల్లో రాయడం నిజాయితీగా ఉంటుంది. ఆన్‌లైన్ ఓటింగ్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. అందులో గెలిచేది పెద్ద వాట్సాప్ గ్రూపు ఉన్న బంధువర్గం.

డబ్బు చేరేదాకా ఎంపిక పూర్తయినట్టు కాదు. స్టేజి మీద ఇచ్చే చెక్కు చాలాసార్లు బ్యాంకులో చెల్లదు. కారణం పేరు. కరపత్రంలో ఉన్నది రంగస్థలం మీద పేరు, ఖాతాలో ఉన్నది ఆధార్ పేరు. చెక్కు ఆధార్ పేరు మీద రాయాలి. ఖాతా రెండేళ్ళుగా వాడకపోతే నిద్రాణ ఖాతా అయిపోతుంది, దాన్ని మళ్ళీ తెరిపించడానికి పెద్దవయసు మనిషి బ్యాంకు చుట్టూ తిరగాలి. పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతా అయితే అందులో నిల్వ 50,000 దాటకూడదు, నెలకి 10,000 మించి తియ్యనివ్వరు. ఇవన్నీ సభకి నెల ముందే చూడాలి. ఒక వలంటీరు వాళ్ళతో పాటు బ్యాంకుకి వెళ్ళి, పాస్‌బుక్ మీద ఎంట్రీ వేయించి, ఒక్క రూపాయి ట్రాన్స్‌ఫర్ చేసి పడిందో లేదో చూసుకుంటే సరి. చెక్కు చెల్లేది మూడు నెలలే, అంచేత ఇంటి గోడకి తగిలించే పెద్ద అట్ట చెక్కులు మానేసి సభ రోజు పొద్దున్నే ఖాతాలో వెయ్యండి.

దళం డబ్బు ఎవరిది వాళ్ళ ఖాతాలో వెయ్యడమే మంచిది. మొత్తం గురువు చేతిలో పెడితే గురువు మంచివాడే అయినా ఆ పంపకం ఆయన తలనొప్పి అవుతుంది, ఏడాది తిరిగేసరికి దళం రెండవుతుంది. గురువుకి ఎక్కువ ఇవ్వాలనుకుంటే ఆ ఎక్కువ ఎంతో ముందే అందరి ఎదుటా చెప్పండి.

సన్మాన పత్రం గురించి కాస్త ఆగి చెప్పాలి. 'కళామతల్లి ముద్దుబిడ్డ, సహృదయ చక్రవర్తి, తెలుగు వెలుగు' అని రెండు పేజీలు రాస్తారు. అందులో ఆ మనిషి ఏం చేస్తాడో ఎక్కడా ఉండదు. నిజానికి ఆ కాగితం చాలా పనికొచ్చే వస్తువు. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ అరవై దాటిన పేద కళాకారులకి నెలకి గరిష్ఠంగా 6,000 రూపాయల సాయం ఇస్తుంది. మన రాష్ట్రంలో డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకి 4,000. ఇలాంటి చోట్ల దరఖాస్తు చేసినప్పుడు అడిగేది నువ్వు కళాకారుడివని రుజువేంటి అని. పేపర్లో పేరు పడని మనిషికి మన పత్రమే రుజువుగా పనికిరావాలి. కాబట్టి ఇలా రాయండి:

'ఫలానా జిల్లా, ఫలానా మండలం, ఫలానా గ్రామ నివాసి శ్రీ ఫలానా (ఆధార్ ప్రకారం పూర్తి పేరు), వయసు 63. తప్పెటగుళ్ళు కళాకారుడు, దళ గురువు. 1984 నుంచి ప్రదర్శనలు ఇస్తున్నారు. దళంలో 16 మంది. వీరి దగ్గర నేర్చుకున్న ముగ్గురు సొంత దళాలు నడుపుతున్నారు. మా న్యాయనిర్ణేతలు ఫలానా తేదీన ఫలానా గ్రామంలో వీరి ప్రదర్శన చూసి ఎంపిక చేశారు.' కింద సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, సంతకం, ముద్ర.

అద్దం బిగించిన ప్రతితో పాటు మామూలు కాగితం మీద ఐదు ప్రతులు ఇవ్వండి. ఫ్రేములోంచి తీసి జిరాక్స్ తీయించుకోవడం ఎంత యాతనో పల్లెటూరి వాళ్ళకి తెలుసు.

సభ రోజు సంగతికి వస్తే, మొట్టమొదట వేదిక మీంచి సోఫాలు తీసెయ్యండి. తప్పెటగుళ్ళు పదిహేను ఇరవై మంది ఛాతీకి తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ ఎగిరి ఆడే ఆట, మధ్యలో ఒకరి మీద ఒకరు నిలబడతారు కూడా. దానికి కనీసం పాతిక ముప్ఫై అడుగుల వెడల్పు ఖాళీ కావాలి. వెనక సోఫాలు, వాటి ముందు టీపాయిలు, పక్కన పోడియం పెట్టి మిగిలిన ఎనిమిది అడుగుల్లో ఆడమంటే ఆడతారు, కాదనరు. చూసినవాళ్ళు మాత్రం ఈ ఆట ఇంతేనా అనుకుని ఇంటికి పోతారు. కార్పెట్ కూడా ఎత్తెయ్యాలి, దాని మీద కాలు జారుతుంది, గజ్జె మోగదు. మైకులు చేతికివ్వకుండా వేదిక అంచున నేల మీద రెండు పెట్టండి. జముకుకి వేరే పద్ధతి. చర్మం బిగించిన చిన్న డబ్బా, దాని మధ్య నుంచి తీగ, లాగి మీటితే వచ్చే ఆ బొంగురు నాదం దూరపు మైకుకి అందదు. స్టాండు దించి వాయిద్యం దగ్గరికి పెట్టాలి.

డప్పుకి నిప్పు కావాలి. చర్మం కాచుకుంటేనే బిగుస్తుంది, బిగిస్తేనే పలుకుతుంది. బీచ్ రోడ్డు వైపు సముద్రపు తేమకి కాచిన డప్పు కూడా కాసేపట్లో వదులైపోతుంది. హాలు వాళ్ళు లోపల నిప్పు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం సబబే. అందుకని వెనక ఆవరణలో చోటు ముందే అడిగి పెట్టుకోండి. ఎండుగడ్డి, పాత కాగితాలు, అగ్గిపెట్టె, పక్కన రెండు బకెట్ల నీళ్ళు, ఒక మనిషి కాపలా. ప్రదర్శనకి ఇరవై నిమిషాల ముందు వాళ్ళకి కబురు అందాలి. అతిథి ప్రసంగం గంట సాగితే కాచిన డప్పు చల్లారి, మళ్ళీ కాచుకోవాల్సి వస్తుంది. అసలు ప్రదర్శన ముందు పెట్టి ప్రసంగాలు తర్వాత పెడితే ఈ గొడవే ఉండదు. పైగా మాట్లాడేవాళ్ళు చూసినదాని గురించి మాట్లాడతారు. ఆరుబయట వేదికైతే రాత్రి పదికల్లా మైకు ఆగాలన్నది చట్టం. ఆ కోత ఎప్పుడూ ఆఖర్న ఉన్న కళాకారుడి మీదే పడుతోంది.

అరకు నుంచి వచ్చే దళాన్ని రాత్రికి రాత్రి ఘాట్ రోడ్డు మీద వెనక్కి పంపొద్దు. బస ఖర్చు లెక్కలో పెట్టింది అందుకే. కూలికి వెళ్ళే మనుషులకి పోయిన రెండు రోజుల కూలి అవార్డు డబ్బుకి వేరుగా ఇవ్వాలి.

తేదీ నన్నడిగితే ఆషాఢం మొదటి పది రోజులు. పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి సన్నాయి, బ్యాండు, డోలు వాళ్ళకి రాబడి ఉండదు, ఆ నెలలో వచ్చిన డబ్బుకి విలువెక్కువ. పల్లెల్లో నాట్లు ఇంకా ఊపందుకోవు. అటు తర్వాత పౌర్ణమి ముందు సింహాచలం గిరిప్రదక్షిణ వస్తుంది. ఆ రోజు ఊళ్ళో సగం రోడ్లు నడిచేవాళ్ళవే, సభకి ఎవరూ చేరలేరు. నాటకం వాళ్ళ కోసం ప్రత్యేకంగా పెడితే కందుకూరి వీరేశలింగం గారి జయంతి, ఏప్రిల్ 16, తెలుగు నాటకరంగ దినోత్సవం ఉండనే ఉంది.

రికార్డింగ్‌కి ఇరవై వేలు ఎక్కువనిపించవచ్చు. రెండు కెమెరాలు, విడిగా సౌండ్ రికార్డర్, నలభై నిమిషాల పూర్తి ప్రదర్శన, తర్వాత పాట మాటల్ని విని రాసి కళాకారుడికి చదివి వినిపించి సరిచేయించడం, ఇంత పని ఉంది. పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ వాళ్ళకి. కాపీరైటు చట్టం 38వ సెక్షన్ ప్రకారం ప్రదర్శన మీద కళాకారుడికి 50 ఏళ్ళ హక్కు ఉంది. యూట్యూబ్‌లో పెట్టాలంటే తెలుగులో ఒక పేజీ ఒప్పంద పత్రం చదివి వినిపించి, రాబడి వస్తే ఎవరికెంతో రాసి, అప్పుడు సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. మంచి మనసుతో మొదలైన కార్యక్రమాలు కూడా ఈ కాగితం దగ్గర బద్ధకిస్తాయి. అది తప్పు.

అన్నిటికంటే పెద్ద అవార్డు ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది. ఏడాదిలో మూడు డబ్బిచ్చే ప్రదర్శనలు ఇప్పిస్తామని కమిటీ రాసి ఇవ్వాలి, ఎక్కడ, ఎప్పుడు, ఎంతకి అన్నది సహా. విశాఖలో దీనికి దారి సులువు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, గాజువాక, మధురవాడ ఎక్కడ చూసినా వినాయక చవితి పందిళ్ళు తొమ్మిది రాత్రులు నడుస్తాయి. అందులో ఒక్క రాత్రి డీజే డబ్బుని ఒక దళానికి మళ్ళిస్తే చాలు. మూడు పందిళ్ళ వాళ్ళు ఒప్పుకుంటే మాట నిలబడినట్టే. ఆషాఢంలో సభ జరిగితే చవితికి ఇంకా రెండు నెలలు చేతిలో ఉంటాయి, పందిరి కమిటీల పెద్దల్నే సభకి ముందు వరసలో కూర్చోబెట్టండి. ముఖ్య అతిథి కోసం పడే తాపత్రయంలో సగం వాళ్ళని రప్పించడానికి పడితే దళానికి పని దొరుకుతుంది.

పెద్దవాళ్ళని పిలవకపోతే, వాళ్ళ ఫొటో వెయ్యకపోతే చందాలు ఎవరిస్తారు అనేది నిజమైన ప్రశ్నే. ఒక పెద్దమనిషి యాభై వేలు ఇచ్చి ఫ్లెక్సీ మీద ఫొటో అడిగితే కాదనడం కష్టం. నా సమాధానం: వంద మంది దగ్గర తలా రెండు వేలు. అపార్ట్‌మెంట్ బ్లాకుకి ఇద్దరు తిరిగితే నెలలో పూర్తవుతుంది. విరాళాలకి ఆదాయపు పన్ను రాయితీ ఉన్న సంస్థైతే నగదు రెండు వేలు దాటితే దాతకి పన్ను మినహాయింపు రాదు, అందుకని ఎంతైనా యూపీఐలోనే తీసుకోండి. చందా ఇచ్చినవాళ్ళందరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఒక గుడ్డ బ్యానరు మీద, ఫ్లెక్సీలు వచ్చాక పని పోయిన బోర్డు ఆర్టిస్టు చేత రాయించండి. అతనికి మామూలు రేటు ఇవ్వండి, బ్యానరు కింద సంతకం చెయ్యమనండి. సభ అయిన వారంలో జమాఖర్చులు అంకెలతో సహా లిఫ్టు పక్కన అంటించండి, పైన మొదటి వరసలో కళాకారులకి వెళ్ళింది ఎంత శాతమో ఉండాలి. ఆ అంకె యాభై దాటకపోతే వచ్చే ఏడు చందాకి వచ్చినప్పుడు ఎందుకని అడిగే హక్కు ఆ వంద మందికీ ఉంటుంది.